ప్రతి నెలా మొదటి వారం ‘అలౌ’ నొక్కుతూనే రాత్రవుతోంది

తిరుపతి నుంచి ఒక మహిళ రాసిన ఉత్తరం ఇది. పేరు బయటికి రాకూడదని కోరారు కాబట్టి, ఆఫీసు ఏదో తెలిసిపోయే వివరాలన్నీ తీసేసి విషయం మాత్రం చెబుతున్నాను.

ఆమె రేణిగుంట రోడ్డులో, ఫ్యాక్టరీలకు మనుషుల్ని పంపే ఒక కాంట్రాక్టు ఆఫీసులో పనిచేస్తున్నారు. హాజరు, జీతాల లెక్క, పీఎఫ్, ఈఎస్‌ఐ అన్నీ ఆమె మీదే. లెక్కలన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. దాన్ని తయారుచేసిన కుర్రాడు ఉద్యోగం దొరికి బెంగళూరు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమే వీడియోలు చూసి, వాళ్లనీ వీళ్లనీ అడిగి, చిన్న చిన్న మార్పులు చేసుకుంటూ నడిపిస్తున్నారు.

ప్రతి నెలా మొదటి వారంలో 263 మందికి పే స్లిప్పులు మెయిల్ చేయాలి. యాక్సెస్‌లో ఒక బటన్ నొక్కితే అందరి స్లిప్పులూ పీడీఎఫ్‌లుగా ఒక ఫోల్డర్‌లో పడతాయి. రెండో బటన్ నొక్కితే ఔట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ద్వారా మెయిళ్లు వెళ్లడం మొదలవుతుంది. అయితే ప్రతి మెయిల్‌కీ ఒక పెట్టె అడ్డం వస్తుంది. ‘మీ తరఫున ఒక ప్రోగ్రామ్ మెయిల్ పంపబోతోంది’ అంటుంది. అందులో పచ్చ గీత పూర్తిగా నిండేదాకా ‘అలౌ’ పనిచేయదు. నిండాక నొక్కాలి, మళ్లీ ఇంకో పెట్టె. పొరపాటున ‘డినై’ మీద వేలు పడితే ఎర్రర్ వచ్చి మొత్తం ఆగిపోతుంది. అప్పుడు ఎవరి దాకా వెళ్లాయో ఔట్‌లుక్‌లో వెతుక్కుని మళ్లీ మొదలుపెట్టాలి. సాయంత్రం ఆరింటికి కూర్చుంటే లేచేసరికి తొమ్మిది. అప్పుడు షేర్ ఆటో కోసం రోడ్డు మీద నిలబడాలి.

ఇంట్లో కూతురు పదో తరగతి. భర్త కొండమీదికి టాక్సీ తోలుతారు, ఏ వేళకు వస్తారో ఆయనకే తెలియదు. అత్తగారు వంట చేసి పెట్టినా మాట మాత్రం అనకుండా ఉండరు. ‘ఆ బటన్లు నొక్కే ఉద్యోగం మానేసేయ్’ అని భర్త అంటున్నారట.

పోయిన నెల ఇంకో గొడవ. కె. వెంకటేష్ అని ఇద్దరున్నారు, వేరే వేరే ఫ్యాక్టరీల్లో. ఇద్దరికీ ఒకరి స్లిప్పే వెళ్లింది. ఓవర్‌టైమ్ తక్కువ పడిన వెంకటేష్ రెండో వెంకటేష్ స్లిప్ చూసి, ‘ఆయనకంత, నాకింతా?’ అని ఆఫీసుకొచ్చి అరిచాడు. ఓనర్ అందరిముందూ ఈమెను తిట్టారు. ‘అలసటలో నేనే ఏదో తప్పు నొక్కి ఉంటాను’ అని ఆమె రాశారు.

ఆఫీసు పక్కనున్న సర్వీస్ సెంటర్ అబ్బాయి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అందులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ వేస్తే, పెట్టె వచ్చినప్పుడల్లా దానంతటదే ‘అలౌ’ నొక్కేస్తుందట. ఆఫీసు పనులు చూసే ఓనర్ బావమరిదితో ఈ మాట అంటే, ‘అంతా మిషనే చేసేస్తే ఇంక నువ్వెందుకమ్మా?’ అని నవ్వారు. ఆ నవ్వుతో ఈమెకు నిద్ర పట్టడం లేదు. ఉత్తరం చివర్లో, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదంటూ ఇంకో మాట రాశారు: కంప్యూటర్‌లో యాంటీవైరస్ గడువు అయిపోయి కొన్ని నెలలైంది, కింద మూలన ఎర్ర గుర్తు కనిపిస్తూనే ఉంది, ఓనర్ ‘చూద్దాంలే’ అంటున్నారు.

ఆ పెన్‌డ్రైవ్ వేయమంటారా? వేస్తే నా ఉద్యోగం పోతుందా? ఓనర్‌కు చెప్పి చేయాలా, చెప్పకుండా చేసుకోవాలా? ఇవీ ఆమె అడిగినవి.

అమ్మా, మీ ఉత్తరం జాగ్రత్తగా చదివాను. మీరు అడిగిన ప్రశ్నలకు జవాబులు చాలావరకు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. మీకు తెలియకుండానే రాసిన రెండు వివరాల దగ్గర మొదలుపెడతాను.

మొదటిది వెంకటేష్‌ల గొడవ. మీరు తప్పు నొక్కి ఉంటే ఏం జరిగేది? ‘అలౌ’ పెట్టెలో మనిషిని ఎంచుకునే చోటు లేదు, ఫైలు ఎంచుకునే చోటూ లేదు. అందులో ఉన్నది పంపనివ్వడం, ఆపడం, అంతే. కాబట్టి ఒకరి స్లిప్ ఇంకొకరికి వెళ్లేలా మీ వేలు అక్కడ ఏమీ చేయలేదు. పైగా, ఇద్దరికీ ఒకే స్లిప్ వెళ్లిందని మీరే రాశారు. దీన్నిబట్టి నాకు అనిపించేది ఇది: పీడీఎఫ్ తయారుచేసే కోడ్ ఫైలుకు ఉద్యోగి పేరు పెడుతోంది. మొదటి కె. వెంకటేష్ ఫైలు తయారైంది. తర్వాత రెండో కె. వెంకటేష్ వంతు వచ్చేసరికి అదే పేరుతో ఇంకో ఫైలు తయారై మొదటిదాన్ని చెరిపేసింది. మెయిళ్లు పంపే వేళకు ఫోల్డర్‌లో ఉన్నది ఒక్కటే వెంకటేష్. ఇద్దరికీ అదే అతికింది.

ఇది నిజమో కాదో ఇప్పుడే చూసుకోవచ్చు. ఆ ఫోల్డర్ తెరిచి ఎన్ని ఫైళ్లు ఉన్నాయో లెక్క చూడండి. 263 మందికి 262 ఫైళ్లే ఉంటే విషయం తేలిపోయినట్టే. తిరుపతిలో ఉద్యోగుల జాబితా తీస్తే వెంకటేష్‌లు, బాలాజీలు, శ్రీనివాసులు, మునిరత్నాలు ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పాలా? స్వామివారి పేరు పెట్టుకున్న ఊరిలో పేరును గుర్తుగా వాడే కోడ్ రాయడమే అసలు పొరపాటు. ఫైలు పేరులో ఉద్యోగి నంబరు, నెల, సంవత్సరం ఉండేలా మార్చండి. పీడీఎఫ్ తీసే కోడ్ వరుసలో ఫైలు పేరు కట్టే చోట పేరు ఫీల్డ్ బదులు నంబరు ఫీల్డ్ పెట్టడమే. ఎవరి స్లిప్ తీయాలో ఎంచే షరతు కూడా పేరు మీద కాకుండా నంబరు మీదే ఉందో లేదో చూడండి. ముందుగా డేటాబేస్ ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకుని, ఆ తర్వాతే కోడ్ మీద చెయ్యి వేయండి.

ఇది ముందు చెప్పడానికి కారణం ఉంది. ఒక నెల నుంచి మీరు మోస్తున్న తప్పు మీది కాదు. ఆ నిందను మోస్తూ ఉద్యోగం గురించి ఏ నిర్ణయం తీసుకున్నా అది సరిగా ఉండదు. ఫోల్డర్ లెక్క నేను చెప్పినట్టే తేలితే, ఓనర్‌కు అది చూపించండి. గొంతు పెంచాల్సిన పని లేదు. ‘సార్, పోయిన నెల పొరపాటు ఎక్కడ జరిగిందో దొరికింది, సరిచేశాను’ అంటే చాలు.

రెండోది ఆ ఎర్ర గుర్తు. సంబంధం ఉందో లేదో తెలియదన్నారు. దానికీ మీ ‘అలౌ’ పెట్టెకూ నేరుగా సంబంధం ఉండే అవకాశం చాలా ఉంది.

ఆ పెట్టె ఎందుకు పుట్టిందో కొంచెం చెప్తాను. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ అనే పేరుతో ఒక వైరస్ వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో మొదలై, ఎవరైనా ఆ మెయిల్‌లోని ఫైలు తెరిస్తే చాలు, వాళ్ల ఔట్‌లుక్‌లో ఉన్న చిరునామాలన్నిటికీ తనను తానే పంపుకుంటూ ప్రపంచమంతా పాకింది. అంతకు ముందు ఏడాది మెలిస్సా అనేదీ ఇలాగే ఔట్‌లుక్‌ను వాడుకుంది. దాంతో మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్‌కు ఒక కాపలా పెట్టింది. బయటి ప్రోగ్రామ్ ఏదైనా ఔట్‌లుక్ చేత మెయిల్ పంపించాలని చూస్తే, ముందు మనిషిని అడగాలి. మీ యాక్సెస్ ఔట్‌లుక్‌కు బయటి ప్రోగ్రామే. అది మంచి ఉద్దేశంతో పంపుతోందో, వైరస్‌లా పంపుతోందో ఔట్‌లుక్‌కు తెలియదు. అందుకే ప్రతిసారీ అడుగుతుంది. ఆ పచ్చ గీత కూడా కావాలని పెట్టిన ఆలస్యమే.

అయితే ఔట్‌లుక్ 2007 నుంచి ఈ పద్ధతి మారింది. కంప్యూటర్‌లో యాంటీవైరస్ పనిచేస్తూ, తాజాగా ఉంటే, మామూలుగా ఔట్‌లుక్ ఆ పెట్టె చూపించదు. కాపలా కాసేవాడు ఇంకొకడు ఉన్నాడని ఊరుకుంటుంది. యాంటీవైరస్ లేకపోయినా, గడువు తీరినా మళ్లీ అడగడం మొదలుపెడుతుంది. ఆ పెట్టెలోని ఇంగ్లీషు పూర్తిగా చదివి చూడండి, ఇది మీరు అనుకోనిదైతే ‘డినై’ నొక్కి మీ యాంటీవైరస్ తాజాగా ఉందో లేదో చూసుకోమని అందులోనే రాసి ఉంటుంది. వందలసార్లు కనిపించేదాన్ని ఎవరం చదవం, అది సహజం.

ఔట్‌లుక్‌లో ‘ఫైల్’కు వెళ్లి, ‘ఆప్షన్స్’, అందులో ‘ట్రస్ట్ సెంటర్’, దాని ‘సెట్టింగ్స్’లో ‘ప్రోగ్రమాటిక్ యాక్సెస్’ అనే పేజీ తెరవండి. అక్కడ మూడు వరుసలుంటాయి. యాంటీవైరస్ సరిగా లేనప్పుడు మాత్రమే హెచ్చరించు, ఎప్పుడూ హెచ్చరించు, ఎప్పటికీ హెచ్చరించకు అని. మొదటిదే ఉండాలి. అడుగున ‘యాంటీవైరస్ స్టేటస్’ అని ఒక మాట ఉంటుంది. అక్కడ ‘ఇన్‌వాలిడ్’ అని ఉంటే మీ మూడు గంటల కష్టానికి కారణం అదే.

అప్పుడు రెండు దారులు. ఆఫీసు డబ్బు కట్టి యాంటీవైరస్ రెన్యూ చేయించడం ఒకటి. డబ్బు కట్టడం ఓనర్‌కు ఇష్టం లేకపోతే, గడువు తీరిన ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసేయడం రెండోది. అది పోయాక విండోస్‌లోనే ఉండే డిఫెండర్ పనిలోకి వస్తుంది, దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. అది అప్‌డేట్ అయ్యాక ఔట్‌లుక్ మూసి మళ్లీ తెరిచి, అదే పేజీలో ‘వాలిడ్’ అని వచ్చిందో లేదో చూడండి. వస్తే మీ యాక్సెస్ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండానే ఆ పెట్టెలు ఆగిపోతాయి. జీతాల లెక్కలు, బ్యాంకు వివరాలు ఉన్న కంప్యూటర్‌కు యాంటీవైరస్ లేకుండా నెలలు గడిచాయంటే, మెయిళ్ల మాట అటుంచి అదే పెద్ద ప్రమాదం. ఓనర్‌కు ఆ మాట ఆ మాటగానే చెప్పండి.

పెన్‌డ్రైవ్ సంగతి. వేయొద్దనే నా సలహా, ఎందుకో మీరే ఆలోచించండి. తానే ‘అలౌ’ నొక్కే సాఫ్ట్‌వేర్‌కు మీ పే స్లిప్పూ తెలియదు, వైరసూ తెలియదు. పెట్టె వస్తే నొక్కుతుంది. యాంటీవైరస్ లేని కంప్యూటర్‌లో, ఎవరు రాశారో తెలియని దాన్ని పెన్‌డ్రైవ్‌లోంచి తెచ్చి వేస్తే, తలుపు గొళ్లెం తీసి తాళంచెవి గుమ్మంలో పెట్టి పోయినట్టే. ఆ అబ్బాయి మంచి మనసుతోనే ఇచ్చి ఉండవచ్చు. అయినా రేపు మీ ఆఫీసు మెయిల్ ఐడీ నుంచి ఫ్యాక్టరీలన్నిటికీ పిచ్చి మెయిళ్లు వెళ్తే, వేసింది ఎవరని అడుగుతారు కదా. ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది మీరు. ట్రస్ట్ సెంటర్‌లో ‘ఎప్పటికీ హెచ్చరించకు’ అనే మూడో వరుస పెట్టుకోమని కూడా కొందరు చెప్తారు. పని అవుతుంది, నిజమే. ఔట్‌లుక్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తేనే అది మార్చడానికి వీలవుతుంది. యాంటీవైరస్ బాగున్నా, విండోస్‌లో ఏదో లోపం వల్ల ఔట్‌లుక్ దాన్ని గుర్తించని సందర్భాల్లో అది తప్పకపోవచ్చు. మీ కంప్యూటర్ ఇప్పుడున్న పరిస్థితిలో మాత్రం అది పెన్‌డ్రైవ్ కంటే కొంచెమే నయం.

ఇంకో సలహా కూడా మీకు వచ్చి ఉంటుంది, కోడ్‌లో ‘సెండ్’ అనే చోట ‘డిస్‌ప్లే’ అని మార్చమని. అలా మారిస్తే ‘అలౌ’ పెట్టె రాదు, కానీ 263 మెయిళ్లు ఒక్కొక్కటీ తెరుచుకుంటాయి, ప్రతిదానికీ మీరు ‘సెండ్’ నొక్కాలి. పది మెయిళ్లు పంపే ఆఫీసుకు అది మంచి పద్ధతి. మీకు పనికిరాదు.

ఔట్‌లుక్‌నే పక్కన పెట్టే దారి కూడా ఉంది, అది తెలుసుకుని ఉంచండి. విండోస్‌లో సీడీఓ అని ఒక భాగం చాలా ఏళ్లుగా ఉంది. యాక్సెస్ కోడ్ దాని ద్వారా మెయిల్ సర్వర్‌తో నేరుగా మాట్లాడుతుంది. ఔట్‌లుక్ తెరవనక్కర్లేదు, పెట్టెలు రావు. ఆఫీసు మెయిల్ జీమెయిల్ అయితే సర్వర్‌కు వెళ్లే దారి నంబరు, అంటే పోర్టు, 465 పెట్టి, ఎస్‌ఎస్‌ఎల్ (మెయిల్‌ను దారిలో ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతి) ఉందని చెప్పాలి. 587 పెడితే సీడీఓతో సాధారణంగా పనిచేయదు, చాలామంది అక్కడే రోజంతా తల పట్టుకుంటారు. మామూలు పాస్‌వర్డ్‌తోనూ ఇప్పుడు కుదరదు. 2022 మే తర్వాత గూగుల్ ఆ దారి మూసింది. ఖాతాకు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, ఇలాంటి ప్రోగ్రామ్‌ల కోసం గూగుల్ విడిగా ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. మామూలు జీమెయిల్ నుంచి రోజుకు 500, డబ్బు కట్టే గూగుల్ వర్క్‌స్పేస్ నుంచి 2000 పరిమితి. మీ 263కు ఏదైనా సరిపోతుంది. ఆఫీసు ఐడీ జీమెయిల్ కాకుండా వెబ్‌సైట్ హోస్టింగ్ వాళ్లు ఇచ్చినదైతే, గంటకు ఎన్ని మెయిళ్లు పంపనిస్తారో వాళ్లను అడగండి. చాలామంది దానికి హద్దు పెడతారు.

ఈ దారిలో నాకున్న భయం ఒక్కటే. ఆ పాస్‌వర్డ్ ఎక్కడ పెడతారు? కోడ్‌లో రాస్తే, యాక్సెస్ ఫైలు తెరిచిన ప్రతివాళ్లకూ కనిపిస్తుంది. మీ ఆఫీసులో ఆ ఫైలును ఎంతమంది వాడతారో నాకు తెలియదు, మీకు తెలుసు. ఔట్‌లుక్ పద్ధతిలో ఆ బాధ లేదు, వెళ్లిన మెయిళ్లన్నీ ‘సెంట్ ఐటమ్స్’లో కంటికి కనిపిస్తాయి కూడా. అందుకే ఔట్‌లుక్ నడిచినంత కాలం మీరు అందులోనే ఉండడం మంచిదని నా అభిప్రాయం. అయితే అది ఎల్లకాలం ఉండదు. కొత్త కంప్యూటర్ కొంటే విండోస్‌తో వచ్చే ‘కొత్త ఔట్‌లుక్’ చూడడానికి అలాగే ఉన్నా, యాక్సెస్ మాట వినదు. మీ కోడ్ నడవాలంటే పాత పద్ధతి ఔట్‌లుక్ ఉండాల్సిందే. ఓనర్ కొత్త సిస్టమ్ కొంటానన్న రోజు ఈ సంగతి ముందే చెప్పండి, కొన్నాక చెప్తే వినే ఓపిక ఎవరికీ ఉండదు.

విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టి, ఎవరూ లేకుండా అర్ధరాత్రి దానంతటదే పంపేలా చేయొచ్చు కదా అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. చేయొచ్చు. యాక్సెస్‌ను ఫలానా మ్యాక్రోతో (చేయాల్సిన పనులు ముందే రాసి పెట్టిన వరుస) ఫలానా టైముకు తెరవమని చెప్తే తెరుస్తుంది. కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, నిద్రలోకి పోకూడదు, మీ లాగిన్ తెరిచి ఉండాలి, కరెంటు పోకూడదు, కోడ్‌లో ఎక్కడా ‘ఓకే’ అడిగే పెట్టె ఉండకూడదు. ఒక్క మెసేజ్ బాక్స్ వచ్చినా తెల్లారేదాకా దాని దగ్గరే ఆగి ఉంటుంది. రోజూ ఒకేలా వెళ్లే స్టాక్ రిపోర్టుకు ఇది బాగుంటుంది. నెలకోసారి వెళ్లే జీతం కాగితాలకు నేనైతే పెట్టను. తప్పు జరుగుతుంటే ఆపడానికి ఒక మనిషి ఎదురుగా ఉండాలి.

ఇక్కడే నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఉంది. ఇన్నాళ్లూ మీరు నెలకు 263 సార్లు నొక్కారు. అందులో ఒక్కసారైనా ఏ స్లిప్ ఎవరికి వెళ్తోందో చూసి నొక్కారా? చూడలేరు, ఆ పెట్టె చూపించదు. అంటే ఆ నొక్కడం తనిఖీ కాదు. ఆఫీసులో అందరూ దాన్ని తనిఖీ అనుకున్నారు, మీరు కూడా అనుకున్నారు, అందుకే వెంకటేష్‌ల తప్పు మీ నెత్తిన పడింది. పెట్టెలు పోయాక నిజమైన తనిఖీని మీరు కొత్తగా పెట్టాలి. అది పదిహేను ఇరవై నిమిషాల పని, కానీ కళ్లు తెరిచి చేయాల్సిన పని.

ఎలాగంటే, యాక్సెస్‌లో ఒక కొత్త టేబుల్ చేయండి. ఉద్యోగి నంబరు, నెల (సంవత్సరంతో కలిపి), మెయిల్ ఐడీ, ఫైలు పేరు, పంపిన సమయం, ఏమైనా ఎర్రర్ వస్తే అది. అదే నంబరు, అదే నెల కలిసి రెండోసారి రాకుండా ఇండెక్స్ (ఒకే వివరాలు మళ్లీ చేరకుండా ఆపే ఏర్పాటు) పెట్టండి. పంపే కోడ్ ప్రతి మెయిల్ తర్వాత అక్కడ ఒక వరుస రాయాలి, పంపే ముందు అక్కడ ఆ ఉద్యోగి నంబరుతో ఆ నెల వరుస ఉందా అని చూడాలి. ఉంటే వదిలేయాలి, ఎర్రర్ ఉన్న వరుసైతే మాత్రం మళ్లీ పంపి అదే వరుసను సరిచేయాలి. మధ్యలో కరెంటు పోయినా, ఔట్‌లుక్ బిగుసుకుపోయినా, మళ్లీ బటన్ నొక్కితే మిగిలినవాళ్లకే వెళ్తాయి. ఎవరి దాకా వెళ్లాయో వెతుక్కునే తిప్పలు, ఒకరికే రెండుసార్లు వెళ్లడం, రెండూ పోతాయి.

పంపే ముందు తెర మీద ఒక జాబితా రావాలి: నంబరు, పేరు, ఫ్యాక్టరీ, మెయిల్ ఐడీ, చేతికొచ్చే జీతం, ఫైలు ఉందా లేదా. మెయిల్ ఐడీ ఖాళీగా ఉన్నవాళ్లు, ఒకే ఐడీ ఇద్దరికి ఉన్నవాళ్లు, పోయిన నెలకూ ఈ నెలకూ జీతంలో పెద్ద తేడా ఉన్నవాళ్లు పైన కనిపించేలా పెట్టుకోండి. అందరినీ చూడక్కర్లేదు, ఆ పైన ఉన్నవాళ్లను చూడండి. కొత్తగా చేరినవాళ్ల ఐడీ ఒకసారి ఫోన్ చేసి సరిచూసుకోండి. ఒక అక్షరం తేడాతో ఒకరి జీతం వివరాలు ముక్కూ మొహం తెలియనివాళ్లకు వెళ్తే వెనక్కి తెచ్చుకోలేం. స్లిప్‌లో బ్యాంకు ఖాతా నంబరు మొత్తం వేస్తుంటే, చివరి నాలుగు అంకెలు మాత్రం ఉంచండి.

ఇంకో చిన్న ఉపాయం. బటన్ నొక్కే ముందు ఔట్‌లుక్‌లో ‘సెండ్/రిసీవ్’ కింద ఉండే ‘వర్క్ ఆఫ్‌లైన్’ ఆన్ చేయండి. మెయిళ్లన్నీ ‘ఔట్‌బాక్స్’లో ఆగుతాయి, బయటికి వెళ్లవు. అక్కడ లెక్క సరిపోయిందా చూసి, ఇద్దరు వెంకటేష్‌లవీ, ఇంకో నాలుగైదూ తెరిచి అటాచ్‌మెంట్ చూసి, అప్పుడు ‘వర్క్ ఆఫ్‌లైన్’ తీసేయండి. ఒకసారి తెరిచిన మెయిల్‌ను మూసేస్తే అది ఔట్‌బాక్స్‌లోనే ఉండిపోవచ్చు, అందుకే తెరిచినవాటిలో మళ్లీ ‘సెండ్’ నొక్కండి. ఏదైనా తేడా కనిపిస్తే అన్నిటినీ అక్కడే తీసేయొచ్చు, ఎవరికీ ఏమీ వెళ్లి ఉండదు. తీసేస్తే మాత్రం కొత్త టేబుల్‌లో ఆ నెల వరుసలు కూడా తీసేయడం మర్చిపోవద్దు. మొదటి నెలకు ఇంకా జాగ్రత్త కావాలంటే, కోడ్‌లో చిరునామా ఉన్న చోట మీ సొంత ఐడీ పెట్టి ఒక పదిమందివి మీకే పంపుకుని చూడండి.

ఇప్పుడు ఉద్యోగం మాట. ఆ బావమరిది గారు అన్న మాట మీకు గుచ్చుకుంది. గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది? కానీ ఆయనకు మీ పని ఏమిటో తెలియదు, సాయంత్రం మీరు నొక్కుతూ కూర్చోవడమే ఆయనకు కనిపిస్తుంది. మీకు జీతం ఇస్తున్నది అందుకా? హాజరు పట్టీలు ఫ్యాక్టరీల నుంచి తెప్పించడం, ఓవర్‌టైమ్ లెక్క తేల్చడం, 7వ తేదీలోపు జీతాలు పడేలా చూడడం, 15వ తేదీలోపు పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టడం, ఎవరి పీఎఫ్ ఖాతాలో పేరు తప్పుందో సరిచేయించడం. ఇందులో ఏది ఆగినా ఆఫీసుకు జరిమానా, ఫ్యాక్టరీల దగ్గర చెడ్డపేరు. ఇవేవీ బటన్‌తో అయ్యేవి కావు.

చెప్పకుండా చేసుకోవాలా అన్నారు. చెప్పకుండా చేస్తే కొన్నాళ్లు సుఖంగా ఉంటుంది. అయిదున్నరకే ఇంటికి వెళ్తారు. ఎప్పుడో ఒకరోజు ‘పని తగ్గిందా?’ అని అడుగుతారు, అప్పుడు మీరు దాచినట్టు అవుతుంది. ఏదైనా తప్పు వెళ్తే ‘ఎవర్నడిగి మార్చావు?’ అంటారు. అది ఆఫీసు మెయిల్, ఆఫీసు డేటా, కాబట్టి ఆ మాట అనే హక్కు కూడా వాళ్లకుంటుంది. చెప్పి చేస్తే వచ్చే చిక్కూ ఉంది: మిగిలిన టైములో ఇంకో పని అంటగట్టవచ్చు. చాలా ఆఫీసుల్లో అలాగే జరుగుతుంది, జరగదని మీకు మాటివ్వలేను. రెండిట్లో చెప్పి చేయడమే నాకు మంచిదనిపిస్తోంది, కానీ ఎలా చెప్తారన్నది ముఖ్యం.

‘ఆటోమేటిక్ చేస్తాను సార్’ అని మొదలుపెట్టకండి. వెంకటేష్‌ల తప్పు ఎక్కడిదో చెప్పండి. యాంటీవైరస్ సంగతి చెప్పండి. ఇకమీదట పంపే ముందు జాబితా ప్రింట్ తీసి సంతకం పెట్టి ఫైల్‌లో పెడతానని చెప్పండి. ఆ మొదటి వారం సాయంత్రాలు మిగిలితే పీఎఫ్ పెండింగ్‌లు పూర్తవుతాయని మీరే చెప్పండి, వాళ్లు ఏదో అంటగట్టేలోపు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, నోటితో కూడా చెప్పండి. నలుగురి ముందు తిట్టిన ఓనర్‌తో నలుగురి ముందు కాకుండా, ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడితే ఆయన వినే అవకాశం ఎక్కువ. బావమరిది గారు అక్కడే ఉంటే ఉండనివ్వండి, ఆయనకు విడిగా జవాబు చెప్పక్కర్లేదు.

ఆ డేటాబేస్ ఇప్పుడు నడుస్తున్నది మీ వల్ల. తయారుచేసినవాడు వెళ్లిపోయాక దాన్ని బతికించింది మీరు. మీ ఉత్తరంలో ఆ సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. రేపు మీరు ఇంకెక్కడికైనా ఉద్యోగానికి వెళ్లినా, ఇదే మీ చేతిలో ఉండే పని. ఏ మార్పు ఎప్పుడు చేశారో ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి.

మీ ఆయన మానేయమన్నారంటే ఉద్యోగం మీద కోపంతో అని నేను అనుకోవడం లేదు. రాత్రి తొమ్మిదింటికి మీరు రేణిగుంట రోడ్డు మీద ఆటో కోసం నిలబడడం ఆయనకు నచ్చడం లేదు. కాబట్టి మానేయడమా, ఉండడమా అన్న మాట ఇప్పుడే తేల్చకండి. రెండు నెలలు ఈ మార్పులతో నడిపి చూడండి. అప్పటికీ ఓనర్ తీరు, బావమరిది మాటలు మారకపోతే, ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించడానికి అప్పుడు మీ దగ్గర వేరే కారణాలుంటాయి. అలసట మీద తీసుకున్న నిర్ణయంగా ఉండదు. అమ్మాయి పదో తరగతి పరీక్షలు మార్చిలో కదా, ఆ నెల మొదటి వారంలోపు ఇదంతా సర్దుకుని ఉండేలా ఇప్పుడే మొదలుపెట్టండి.

ముందు ఆ ఫోల్డర్‌లో ఫైళ్ల లెక్క, తర్వాత ట్రస్ట్ సెంటర్‌లో ఆ అడుగు వరుస. ఈ రెండూ రేపు ఆఫీసు తెరవగానే చూడొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. యాంటీవైరస్ ‘వాలిడ్’ అని ఉన్నా పెట్టెలు వస్తుంటే, లేదా టేబుల్, కోడ్ మార్చేచోట ఆగిపోతే, పంపే బటన్ వెనకున్న కోడ్ మొత్తం కాపీ చేసి నాకు రాయండి. పంపే ముందు అందులో మెయిల్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు, ఉద్యోగుల పేర్లు ఏవైనా ఉంటే తీసేయండి.